ఇంగ్లీషు విభక్తులూ, మా ఇద్దరు తాతలూ

క్రిందటి నెలలో ఒక రాత్రి కోదాడ నుంచి మా మేనకోడలు ఫోను చేసింది. ప్రభుత్వ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. "మామయ్యా, ‘రెయిన్స్ అఫెక్టెడ్ ఆన్ క్రాప్స్’ అని రాస్తే మా సారు ‘ఆన్’ కొట్టేశారు. కిందనే ‘ది ఎఫెక్ట్ ఆఫ్ రెయిన్స్ ఆన్ క్రాప్స్’ అని రాస్తే అక్కడ ‘ఆన్’ ఉంచారు. ఎందుకు సార్ అంటే అదంతే, బట్టీ పట్టమన్నారు. ఎందుకంతే?" అని అడిగింది.

నాకు వెంటనే సమాధానం తోచలేదు. రేపు చెబుతానన్నాను. ‘అదంతే’ అన్న మాట నా చిన్నప్పుడు నాకూ చెప్పారు, అంతకుముందు మా నాన్నగారికీ చెప్పారు. ఆ మాటకు నేను చెల్లించిన మూల్యం కొంత ఉంది. హైదరాబాదులో నా మొదటి ఉద్యోగంలో ఒక నివేదికలో ‘డిస్కస్‌డ్ అబౌట్’ అని రాశాను. పై అధికారి దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి, సమావేశంలో అందరి ముందూ పైకి చదివారు. అందరూ నవ్వారు. నివేదికలోని లెక్కల్లో తప్పేమీ లేదు. ఒక చిన్న మాట అదనంగా పడింది. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ఏ సమావేశంలోనూ నేను నోరు విప్పలేదు. ఈ టపా చదువుతున్నవారిలో తెలుగు మాధ్యమంలో చదువుకొని వచ్చినవారికి ఇంతకన్నా వివరించనక్కరలేదనుకుంటాను.

మేనకోడలికి ఇచ్చిన మాట కోసం పాత పుస్తకాలు కొన్ని తిరగవేశాను. ఈ చిన్న మాటల వెనుక పెద్ద చరిత్రే ఉంది. అందులో కొంత భాగం మా ఊరిదీ, మా ఇంటిదీను.

మా ఊరి భౌగోళికం ముందుగా చెప్పాలి. కోదాడ నుంచి విజయవాడ దారిలో పాలేరు దాటితే జగ్గయ్యపేట వస్తుంది. బస్సులో అరగంట. 1948 వరకు ఏటికి ఈవలిది నిజాం రాజ్యం, నల్లగొండ జిల్లా. ఆవలిది మద్రాసు ప్రెసిడెన్సీ, కృష్ణా జిల్లా. రెండు వైపులా ఇంట్లో మాట్లాడేది తెలుగే. బడి భాషలు మాత్రం వేరు. ఆవలి ఒడ్డున 1835 నాటి మెకాలే నివేదిక, 1857లో స్థాపించిన మద్రాసు విశ్వవిద్యాలయం పుణ్యమా అని పై చదువంతా ఇంగ్లీషులో సాగింది. ఈవలి ఒడ్డున 1880ల నుంచి రాజభాష ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు బోధనంతా ఉర్దూలోనే జరిగింది. ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా మాత్రం ఉంచారు. తల్లిభాషలో చదువు కావాలని ఆంధ్రమహాసభ అడుగుతూనే వచ్చింది. ఆ సభ 1941లో సమావేశమైన చిలుకూరు మా కోదాడకు పక్కనే ఉంది.

మా తాతయ్య (నాన్నగారి తండ్రి) ఈవలి ఒడ్డున ఉర్దూలో చదువుకొని తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరారు. అమ్మ తండ్రి, మా జగ్గయ్యపేట తాతయ్య, ఆవలి ఒడ్డున ఇంగ్లీషు చదివారు. సంక్రాంతికి ఇద్దరూ ఒక అరుగు మీద కూర్చుంటే కాసేపటికి ఇంగ్లీషు తగాదా మొదలయ్యేది. మా తాతయ్య ‘ఐ ఆస్క్‌డ్ ఫ్రమ్ హిమ్’ అనేవారు. ‘అఫ్రెయిడ్ ఫ్రమ్ స్నేక్స్’ అనేవారు. జగ్గయ్యపేట తాతయ్య పడీ పడీ నవ్వి, "బావగారూ, అది ఇంగ్లీషు కాదండీ" అనేవారు. అలా అన్న పెద్దమనిషే మరో గడియకు ‘హి ఈజ్ యాంగ్రీ ఆన్ మి’ అనేవారు. అది కూడా తప్పేనని మా ఇంట్లో పట్టుకోగలిగినవారు అప్పట్లో ఎవరూ లేరు.

ఇప్పుడు ఆలోచిస్తే ఎవరి తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తోంది. ఉర్దూలో ‘సే’ అనే ఒక్క మాట చేసే పనులు చూడండి. ‘దిల్లీ సే’ అంటే ఢిల్లీ నుంచి. ‘కలమ్ సే’ అంటే కలంతో. ‘ముఝ్ సే బడా’ అంటే నాకంటె పెద్ద. ‘దో సాల్ సే’ అంటే రెండేళ్లుగా. ‘ఉస్ సే పూఛా’ అంటే అతన్ని అడిగాను. ‘సాంప్ సే డర్’ అంటే పాము భయం. బడిలో ‘సే’ అంటే ‘ఫ్రమ్’ అని ఒక్కసారి నేర్పాక, అడగటానికీ భయపడటానికీ కూడా ఆ కుర్రవాడు ‘ఫ్రమ్’ తగిలించక ఏం చేస్తాడు? తెలుగులో మనం ‘అతన్ని’ అడుగుతాం కాబట్టి ‘ఆస్క్‌డ్ హిమ్’ దగ్గర మనకు చిక్కు రాదు. మన చిక్కులు వేరేచోట వస్తాయి. కోపం ఒకరి ‘మీద’ వస్తుంది కనుక ‘యాంగ్రీ ఆన్’. పదేళ్ల ‘నుంచి’ ఉంటున్నాం కనుక ‘ఫ్రమ్ టెన్ ఇయర్స్’. లెక్క‘ల్లో’ దిట్ట కనుక ‘గుడ్ ఇన్ మాథ్స్’. ఒక విషయం ‘గురించి’ చర్చిస్తాం కనుక నా ‘డిస్కస్‌డ్ అబౌట్’. వీటిలో కొన్ని ఉర్దూ వైపు నుంచి కూడా ఇదే రూపంలో వస్తాయి. అందుకే మా ఊరివాళ్లకు రెండు ఒడ్డుల తప్పులూ వారసత్వంగా దక్కాయి.

అరుగు మీద ఇది హాస్యమే, కచేరీలో మాత్రం కాదు. 1948 సెప్టెంబరు సైనిక చర్య తర్వాత హైదరాబాదు రాష్ట్రంలో కార్యాలయాల భాష ఇంగ్లీషు వైపు మళ్లింది. ఉస్మానియా కూడా ఇంగ్లీషు మాధ్యమానికి మారింది. ఉర్దూలో చక్కగా ఫైలు నడిపినవారు ఒక్కసారిగా చదువురానివారి లెక్కలో పడ్డారు. ఇంగ్లీషు తెలిసిన ఉద్యోగులను బయటి ప్రాంతాల నుంచి తెచ్చారు. ఆ బాధ కూడా కలిసే 1952లో ముల్కీ ఆందోళన రేగింది. మా తాతయ్యకు పదోన్నతి రాలేదు. కారణం ఆయన ఎన్నడూ చెప్పలేదు. ‘నాకు వాళ్ల ఇంగ్లీషు రాదు’ అని మాత్రం ఒకటి రెండుసార్లు అనగా విన్నాను.

ఇక ఇంగ్లీషు సంగతికి వద్దాం. వాళ్ల ప్రిపొజిషన్లు మొదటి నుంచీ ఇన్ని లేవు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో మనకూ సంస్కృతానికీ ఉన్నట్టే నామవాచకాల చివర విభక్తులుండేవి. కాలక్రమాన పదాంతాలు అరిగిపోయాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తర్వాతి శతాబ్దాల్లో ఆ అరుగుదల దాదాపు పూర్తయింది. విభక్తులు చేసే పని ఎవరో ఒకరు చేయాలి గదా, ఆ బరువు పదానికి ముందుండే చిన్న మాటల మీద పడింది. మన ప్రత్యయం పదానికి వెనుక నిలుస్తుంది, వాళ్లది ముందు నిలుస్తుంది. ఉన్నవి కొద్ది మాటలు, చేయవలసిన పనులు లెక్కలేనన్ని. అందువల్ల ఒక్కో మాటకు నాలుగైదు కొలువులు వచ్చాయి.

‘విత్’ అంటే ఒకప్పుడు ‘తో’ కాదు, ‘ఎదురుగా’ అని అర్థం. ‘తో’ అన్న అర్థంలో పాత ఇంగ్లీషు మాట ‘మిడ్’. అది పోయి ‘మిడ్‌వైఫ్’ అన్న మాటలో మాత్రం మిగిలింది. పురిటివేళ స్త్రీ‘తో’ ఉండేది కనుక మంత్రసానికి ఆ పేరు. ‘విత్’ పాత అర్థం ‘విత్‌స్టాండ్’లో దాగి ఉంది, ఎదురు నిలవడం అని. ‘ఫైట్ విత్’ అన్నా ఆ ఛాయే కనిపిస్తుంది. విచిత్రమేమంటే మనకూ స్నేహం చేసేది వాడితోనే, పోట్లాడేదీ వాడితోనే.

‘ఆఫ్’ కథ ఇంకా ముఖ్యం. మనకు బడిలో ‘ఆఫ్’ అంటే ‘యొక్క’ అని నేర్పుతారు. సగం అనర్థం అక్కడే మొదలవుతుంది. స్విచ్ ఆపేటప్పుడు వాడే ‘ఆఫ్’, ఈ ‘ఆఫ్’ ఒకప్పుడు ఒక్కటే మాట. పదిహేడో శతాబ్దానికి గాని అవి రెండుగా స్థిరపడలేదు. అసలు అర్థం ‘నుంచి, దూరంగా’. అంటే షష్ఠి కంటె ముందు అది పంచమి. ‘డై ఆఫ్ ఫీవర్’ అంటే జ్వరం యొక్క చావు కాదు, జ్వరం వలన చావు. ‘అఫ్రెయిడ్ ఆఫ్’, ‘అషేమ్‌డ్ ఆఫ్’, ‘క్యూర్ ఆఫ్’, ‘రాబ్ ఆఫ్’, ‘గెట్ రిడ్ ఆఫ్’, వీటన్నిటిలోనూ ఉన్నది ఆ పాత పంచమే.

ఇక్కడ నాకు పరవస్తు చిన్నయసూరి గుర్తుకు వచ్చారు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో కారక పరిచ్ఛేదం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. భయం, జుగుప్స, ఎడబాటు, రక్షణ వంటివి దేని వలన కలుగుతాయో దానికి ‘వలన’ చేరుతుందని ఆయన చెప్పారు. అంతకు రెండువేల ఏళ్లకు పైగా ముందే పాణిని సంస్కృతంలో భయానికి పంచమి విధించాడు. భయపడే మనిషి భయహేతువు నుంచి వెనక్కి జరుగుతాడు. అందుకే ఆ విభక్తి. ఇంగ్లీషువాడి ‘అఫ్రెయిడ్ ఆఫ్’లోనూ, ఉర్దూ ‘సాంప్ సే డర్’లోనూ ఉన్నది ఇదే ఊహ. మా తాతయ్య ‘అఫ్రెయిడ్ ఫ్రమ్’ నేటి వాడుకలో తప్పే. కాని ‘ఆఫ్’ మూలార్థానికి నవ్విన బావగారి కంటె ఆయనే దగ్గరగా ఉన్నారు. ఈ ముక్క ఆయన బ్రతికి ఉండగా తెలిసి ఉంటే బాగుండేది.

సూరిగారి పద్ధతిలో మరో విశేషం గమనించాను. కారకాల దగ్గర ‘ఈ ప్రత్యయానికి ఇది అర్థం’ అని ఒక్క మాటతో ఆయన సరిపెట్టలేదు. ఏయే అర్థం గల పదాలు వస్తే ఏ విభక్తి చేరుతుందో జాబితా కట్టారు. పదాన్ని, దాని విభక్తిని జంటగా నేర్వమని తాత్పర్యం. ఇంగ్లీషు బోధన మాత్రం మనకు ‘ఇన్ అంటే లో, ఆన్ అంటే మీద, ఆఫ్ అంటే యొక్క’ అన్న పట్టీతో మొదలైంది. 1930లలో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంలో పదాలకు తగిన ప్రిపొజిషన్ల జాబితా ఉంది గాని, మా బడిలో అది పరీక్ష ముందటి రాత్రి కంఠస్థానికే పనికివచ్చింది. పదం ఏ అమరికలో నిలుస్తుందో చెప్పే నిఘంటువును ఎ. ఎస్. హార్న్‌బీ, జపానులో ఇంగ్లీషు చెబుతూ, అక్కడి విద్యార్థుల అవస్థ చూసి తన సహచరులతో కలిసి కూర్చాడు. అది 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డు వారు దాన్ని మళ్లీ ముద్రించారు. మన హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధన కోసమే కేంద్ర సంస్థ వెలిసింది. 1972లో సీఫెల్‌గా, 2007లో ఇఫ్లూ విశ్వవిద్యాలయంగా పేరు మారింది. అంత సంస్థ రాజధానిలో ఉన్నా మా కోదాడ బడికి చేరింది ‘అదంతే’ ఒక్కటే.

నిజానికి మనలో ఏ ఒక్కరూ తప్పు చేయని ప్రిపొజిషన్ ఒకటుంది. సెలవు చీటీ గుర్తుందా? ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’. తెలుగులో జ్వరం‘తో’ బాధపడతాం. ఆ లెక్కన ‘విత్’ రావాలి. ఎవరూ అలా రాయరు. ఎందుకంటే ఆ ‘ఫ్రమ్’ను మనం విడిగా నేర్వలేదు, ‘సఫరింగ్’తో కలిపి ఒకే మాటగా నేర్చాం. జ్వరం లేకపోయినా ఆ వాక్యం తప్పు పోదు! నేర్వవలసిన పద్ధతి మన చేతిలోనే ఉంది, సెలవు చీటీ దాటి ముందుకు తీసుకువెళ్లలేదు, అంతే.

మేనకోడలి ప్రశ్నకు జవాబు కూడా ఈ జంటల్లోనే దొరికింది. ‘అఫెక్ట్’ క్రియ, ‘ఎఫెక్ట్’ సాధారణంగా నామవాచకం. ఇంగ్లీషులో క్రియ చాలాచోట్ల కర్మను నేరుగా పట్టుకుంటుంది, దాని నామవాచకానికి మాత్రం ఊతకర్ర కావాలి. ‘డిస్కస్’ ఒంటరిగా వస్తుంది, ‘డిస్కషన్’ వెంట ‘ఆన్’ గాని ‘అబౌట్’ గాని వస్తుంది. ‘ఆన్సర్ ది క్వశ్చన్’ అంటాం, కాని ‘యాన్ ఆన్సర్ టు ది క్వశ్చన్’. ‘ఎంటర్ ది రూమ్’ అంటాం, కాని ‘ఎంట్రీ ఇంటు ది రూమ్’. ‘ఆర్డర్ టీ’ అంటాం, కాని ‘యాన్ ఆర్డర్ ఫర్ టీ’. మనం తెలుగులో ‘ప్రభావం చూపు’, ‘చర్చ చేయు’ అని నామవాచకానికి క్రియను అతికిస్తాం కాబట్టి ఆ ఊతకర్ర మన నోట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ‘డిస్కస్’కు లాటిన్ మూలంలో అర్థం విదిలించి విడదీయడం. ఒక వస్తువు‘ను’ విదిలిస్తాం గాని వస్తువు గురించి విదిలించం. ఈ సంగతి ఆ ఎర్ర సిరా రోజున ఎవరైనా చెప్పి ఉంటే!

మరి కొన్ని జంటలకు మన విభక్తులే కొలబద్దలవుతాయి. ‘అడాప్ట్’ రెండున్నాయి, మన లిపిలో వాటికి తేడా కూడా సరిగా నిలవదు. ఒకటి లాటినులో ‘తగినది’ అన్న మాట నుంచి వచ్చింది. దేని‘కి’ తగినట్టు అమరడం కనుక దానికి ‘టు’ కావాలి. రెండోది ‘ఎంచుకొను’ అన్న మాట నుంచి వచ్చింది. దేని‘ని’ ఎంచుకోవడం, దత్తత తీసుకోవడం కనుక ఏమీ అక్కరలేదు. కు-ని తేడా తెలిసినవాడికి ఈ రెండూ కలగవు. ‘సీనియర్’, ‘జూనియర్’, ‘సుపీరియర్’ వంటివి లాటినులోనే ‘కంటె’ను కడుపులో పెట్టుకొని వచ్చిన మాటలు. మళ్లీ ‘దేన్’ తగిలిస్తే కంటెకు కంటె అవుతుంది. అందుకే ‘సీనియర్ టు మి’. ‘వాడు నాకు రెండేళ్లు పెద్ద’ అని మనమూ అంటాం, అదే ‘కు’.

‘సిన్స్’ అన్న మాటకు పుట్టుకలో అర్థం ‘ఆ తర్వాత’. ‘1956 తర్వాత’ అనవచ్చు గాని ‘పదేళ్లు ఆ తర్వాత’ అంటే అర్థం లేదు. కనుక ‘సిన్స్’కు కాలంలో ఒక బిందువు కావాలి, నిడివికి ‘ఫర్’ కావాలి. మన ‘నుంచి’ రెండిటినీ మోస్తుంది కాబట్టి మనకు ఈ తేడా తోచదు. ‘బిసైడ్’ అంటే పక్కన, ‘బిసైడ్స్’ అంటే అదీ కాక. చివరనున్న ఆ ‘స’కారం పాత ఇంగ్లీషు షష్ఠీ విభక్తికి మిగిలిన ఆనవాలు. ‘కంపేర్’ వెంట ‘టు’ వస్తే ముఖాన్ని చంద్రునితో పోల్చడం, ‘విత్’ వస్తే రెండు వడ్ల రకాలను పక్కపక్కన పెట్టి తూచడం. సంప్రదాయంగా పాటించే తేడా ఇది. మన ‘తో పోల్చు’ రెండిటికీ సరిపోతుంది, కనుక అక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి.

అన్నిటికీ ఇలా కారణం దొరుకుతుందని అనను. ‘గుడ్ ఎట్’ అన్న నోరే ‘వీక్ ఇన్’ అంటుంది. వాటిని జంటగా నేర్వడమే. పైగా ఇంగ్లీషువారిలోనే ఏకాభిప్రాయం లేదు. ‘డిఫరెంట్’ తర్వాత ‘ఫ్రమ్’ రావాలా, ‘టు’ రావాలా, ‘దేన్’ రావాలా అని వారు తరతరాలుగా తగాదా పడుతున్నారు. ‘ఫ్రమ్’ ఒక్కటే ఒప్పు అనడం మూఢనమ్మకమని 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో తేల్చాడు. సీఫెల్‌తో సంబంధమున్న పండితులు నిహలానీ, టంగ్, హొసాలీ 1979లో భారతీయుల ఇంగ్లీషు వాడుకలను బ్రిటిషు వాడుకల పక్కన పెట్టి ఒక పుస్తకమే వేశారు. ఒప్పులు నేర్వాలి, అందులో సందేహం లేదు. ఉద్యోగం ఇచ్చేవాడు ఫౌలరు కాదు గదా. కాని తప్పు చేసినవాడిని బుద్ధిహీనుడనుకోవడం దేనికి? ఆ తప్పులో అతని తల్లిభాష వ్యాకరణం పొల్లుపోకుండా పలుకుతోంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. 1948లో మా తాతయ్య కచేరీలో ఎదురైన మార్పు ఇప్పుడు పిల్లల తరగతి గదిలోకి వచ్చింది. 2014 నుంచి పాలేటి మీద మళ్లీ రాష్ట్రపు హద్దు ఉంది గాని, ఈ విషయంలో రెండు ఒడ్డుల పిల్లల అవస్థా ఒక్కటే. వాళ్లకు తెలుగు విభక్తులు ముందుగా చక్కగా చెబితే ఇంగ్లీషుకు అడ్డు రావు, నిచ్చెనవుతాయి. ‘కి’ ఎక్కడ, ‘ని’ ఎక్కడ, ‘వలన’ ఎక్కడ అని ఆలోచించడం అలవాటైన పిల్లకు ‘టు’, ‘ఆఫ్’ భూతాల్లా కనిపించవు.

మర్నాడు రాత్రి మేనకోడలికి ఫోను చేసి ఊతకర్ర సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుంది. తర్వాత, "అయితే మామయ్యా, ‘రిక్వెస్ట్’కి కూడా అంతేనా? ‘ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్’ తప్పు, ‘మై రిక్వెస్ట్ ఫర్ లీవ్’ ఒప్పు?" అంది. అవునన్నాను. "మరి సెలవు చీటీలో మేమంతా తప్పే రాస్తున్నాం. రేపు సారుకి చెబుతా" అంది.

చెప్పిందో లేదో ఇంకా తెలియలేదు. ఆయన నొచ్చుకోకుండా చెప్పమని మాత్రం అన్నాను. మీ ఇళ్లలో, మీ ఊళ్లలో వినిపించే ఇటువంటి ‘తప్పులు’, వాటి వెనుక పలికే తెలుగు విభక్తులు మీకు గుర్తుంటే వ్యాఖ్యల్లో రాయగలరు. జాబితా కట్టి ఆ పిల్లకు పంపుతాను.